పేరున్న అట్టలు

నాకు బోర్డు గేములు తయారు చేసే పిచ్చి ఉంది. ఆడే పిచ్చి కాదు, తయారు చేసే పిచ్చి. తెనాలిలో మా ముందు గది బీరువా తలుపు తీస్తే బట్టలకంటే ముందు అట్టముక్కలు మీద పడతాయని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అబద్ధం కాదు. గవ్వలు, చింతపిక్కలు, పాత లూడో బిళ్ళలు, స్కెచ్ పెన్నులు, ఇనప స్కేలు, కట్టరు, వీటన్నిటి మధ్య నలిగిపోయిన నా ఆఫీసు చొక్కాలు నాలుగు. నాది బాపట్లలో గుమాస్తా ఉద్యోగం. పొద్దున రైలెక్కి వెళ్ళి సాయంత్రం రైలెక్కి వచ్చేవాడికి ఇదంతా దేనికని చాలామంది అడిగారు. పేకాట కంటే నయం కదా అని మా ఆవిడే నన్ను వెనకేసుకొస్తుంది.

ఈ మధ్య కాలేజీ పిల్లలు కొందరు ఈ పని నేర్చుకుంటామని ఫోను చేస్తున్నారు. వాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఒకటుంది. కార్డు ముందువైపు బొమ్మ బాగున్నా, బాగుండకపోయినా ఆట నడుస్తుంది. వెనకవైపు మాత్రం ఏమీ చెప్పకూడదు. అన్ని కార్డుల వీపులూ ఒక్కలాగే ఉండాలి. ఒక్క కార్డుకి చిన్న మరక ఉన్నా, మూల కాస్త నలిగినా, ఎదుటివాడు గుర్తుపట్టేస్తాడు, ఇక అది ఆట కాదు. ఈ మాట గొప్పగా చెబుతాను కానీ, చెప్పేటప్పుడు నా గొంతు నాకే నచ్చదు. దాని వెనక ఒక సంగతి ఉంది. గొప్పగా చెప్పుకునేది కాదు, తల వంచుకుని చెప్పేది.

ఆ ఏడు నేను కాలవ నీళ్ళ మీద ఒక గేము చేస్తున్నాను. మా డెల్టాలో పై పొలాలవాళ్ళు తడుపుకున్నాక మిగిలిన నీళ్ళే కిందికి దిగుతాయి. కాలవ చివర పొలం ఉన్నవాడు గట్టు మీద కూర్చుని ఎదురుచూడాల్సిందే. అదే ఆట. బోర్డు మీద ఒక కాలవ, దాని పక్కన నాలుగు మళ్ళు, నలుగురు ఆటగాళ్ళు. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేసిన నీళ్ళ కార్డులు. వరసకి ఐదు కార్డులు పై మడి ఆటగాడి చేతికిస్తాం. అతను చూసి ఒకటి ఉంచుకుని మిగతావి కిందివాడికి అందిస్తాడు. అలా దిగుతూ దిగుతూ చివరి మడివాడి దగ్గరికి వచ్చేసరికి రెండే మిగులుతాయి, అందులో ఒకటి అతనిది. ఎవరి చేతిలో కార్డులు వాళ్ళు తమ మడికి ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు. మడికి పట్టేదానికంటే ఎక్కువ వేస్తే మిగిలిన నీళ్ళు సముద్రం పాలు. ముందు ఎవరి పంట ఇంటికొస్తే వాళ్ళు గెలిచినట్టు. దానికి 'చివరి మడి' అని పేరు పెట్టాను. పేరు బాగా కుదిరింది. ఆటే కుదరలేదు, చివరి మడి దగ్గర కూర్చున్నవాడు ఎన్నిసార్లు ఆడినా ఓడిపోయేవాడు.

దానికి నూటెనిమిది కార్డులు కావాలి. మామూలు చార్టు ముక్కలతో చేస్తే రెండు ఆటలకే మూలలు చెవుల్లా మడతపడుతున్నాయి. మంచి అట్ట కోసం వెతుకుతున్న రోజులవి. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత నేను చేసిన పని మీకు పిచ్చిపనిలా కనిపిస్తుంది. అది పిచ్చిపని కాదు, అట్ట మీద ఆశ.

మా ఆఫీసులో నాకంటే పదేళ్ళు పెద్దాయన ఒకరుండేవారు. నేను అన్నయ్యగారూ అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవారు. చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళ పాటు పక్కపక్క బల్లలు, మధ్యాహ్నం ఒకే చోట క్యారేజీలు విప్పుకోవడం, అంతే. ఆయనకి ఒక్కతే కూతురు. బాపట్లలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. శుభలేఖలు వేయించారు, ఇంటిల్లిపాదీ కూర్చుని నాలుగు మూలలా పసుపు పెట్టారు. పంచడం మొదలుపెట్టిన మూడో రోజున మగపెళ్ళివారు వద్దని కబురు చేశారు. ఎందుకో చెప్పలేదు. వాళ్ళు చెప్పకపోతే ఊరు ఊరుకుంటుందా, తలా ఒక కారణం చెప్పుకున్నారు. అమ్మాయి స్కూలు మానేసి ఇంట్లో కూర్చుంది.

ఒక శుక్రవారం సాయంత్రం నేను స్టేషన్‌కి బయల్దేరబోతుంటే ఆయన బరువైన గుడ్డ సంచీ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

“ఆదివారం రేపల్లె వెళ్తున్నావా తమ్ముడూ?”

మా అత్తగారిది రేపల్లె. వెళ్తున్నానండీ అన్నాను.

“మిగిలిపోయిన శుభలేఖలు ఇవి. దేవుడి బొమ్మ ఉంది, పసుపు పెట్టాం. చెత్తలో వెయ్యలేం, తగలబెట్టలేం. ఇక్కడ కాలవలో వేస్తే ఏ తూముకో అడ్డం పడతాయి, ఎవడో ఒకడు తీసి చదువుతాడు. పెనుమూడి దగ్గర కృష్ణలో వదిలెయ్యి. అక్కణ్ణించి సముద్రంలోకి పోతాయి.” ఆయన సంచీ మూతి ముడేస్తూ అన్నారు. “దాని పేరు ఆ పేరు పక్కన ఇంకెవరి కంటా పడకూడదని ఏడుస్తోందిరా. నేనే వెళ్దామనుకున్నాను, నా వల్ల కావట్లేదు.”

ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను ‘రా’ అనడం అదే మొదటిసారి. నేను పని చేసి పెడతానని చెప్పి సంచీ తీసుకున్నాను.

ఆదివారం పొద్దున మా ఆవిడా నేనూ రేపల్లె బండిలో కూర్చున్నాం. తను కిటికీ పక్కన కునుకు తీస్తోంది. నేను కాళ్ళ దగ్గరున్న సంచీ ముడి విప్పి ఒక శుభలేఖ బయటికి తీశాను. ఎందుకు తీశానంటే చెప్పలేను, చెయ్యి ఊరుకోలేదు. కవరు మీద వినాయకుడు. లోపల రెండు విడి అట్టలు. ఒకదాని మీద దేవుడి బొమ్మ, కింద శ్లోకం. రెండోదాని మీద బంగారు రంగు అక్షరాలతో పెళ్ళి వివరం, వెనకవైపు ఖాళీ. మీగడ రంగు అట్ట. వేలితో వంచితే వంగి, వదిలితే మళ్ళీ నిటారుగా నిలబడింది. స్కేలు లేకుండానే కొలత తెలిసిపోయింది. ఒక్కో అట్ట సరిగ్గా నాలుగు కార్డులవుతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక షేర్ ఆటో ఎక్కి పెనుమూడి వెళ్ళాను. వారధికి కాస్త ఇవతల రేవులో దిగి మెట్టు మీద కూర్చున్నాను. అప్పటికి నా మనసు ఒక తెలివైన ఉపాయం కనిపెట్టేసింది. ఆయన భయం దేవుడి బొమ్మ గురించి కదా, పసుపు గురించి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన చెప్పిన ఆఖరి మాట నేను విననట్టే నటించాను, అదీ నా ముందు నేనే. కూర్చుని ఒక్కో శుభలేఖా విప్పాను. కవర్లు ఒకవైపు, దేవుడి అట్టలు ఒకవైపు, పేర్లున్న అట్టలు ఒకవైపు. కవర్లూ దేవుడి అట్టలూ భక్తిగా నీళ్ళలో వదిలాను. దణ్ణం కూడా పెట్టుకున్నాను. పేర్లున్న అట్టలు కట్ట కట్టి సంచీలో పెట్టుకున్నాను.

గేదెల్ని కడుగుతున్న ఒకాయన నా వంక చూసి నవ్వాడు.

“శుభలేఖలా అండీ? పెళ్ళి బాగా జరిగిందా?”

“ఆ, బాగా జరిగిందండి,” అన్నాను.

దేవుణ్ణి నీళ్ళలో వదిలి, ఆ పిల్ల పేరుని ఇంటికి తెచ్చుకున్నాను. అంతకంటే సూటిగా చెప్పే మాట నాకు దొరకలేదు. ఆ రోజు నాకు అలా అనిపించలేదన్నదే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఆ రోజు నాకు సంతోషంగా ఉంది. తిరుగు బండిలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సోమవారం మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు ఆయన అడక్కుండానే చెప్పాను. “వదిలేశానండి అన్నయ్యగారూ.” ఆయన తన గిన్నెలోని వంకాయకూర మొత్తం నా మూతలో వేసేశారు. నేను తిన్నాను. కూర బాగుంది కూడా.

కార్డులు తయారు చేయడం నాకు ఇష్టమైన పని. కింద పాత క్యాలెండరు పరిచి, ఇనప స్కేలు అదిమి పట్టి, కట్టరుతో రెండు మూడు గీతల్లో అట్ట తెగేట్టు కొయ్యాలి. ఒకే గీతలో కోద్దామని బలం పెడితే అంచు చితుకుతుంది. తర్వాత నాలుగు మూలలూ గోళ్ళు తీసే కట్టరుతో గుండ్రంగా కత్తిరించాలి. పసుపు మూలలు చాలావరకు అలాగే పోయాయి. కొన్నిటికి లేత పసుపు నీడ మిగిలింది, అది ఎండుగడ్డి రంగులా బాగానే ఉందనుకున్నాను. ఖాళీవైపు అంకెలు రాశాను, నీళ్ళ గీతలు వేశాను. అచ్చువైపు స్కూలు పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ పేపరు మైదా జిగురుతో అంటించాను. నూటెనిమిది కార్డులకీ ఒకే వీపు. నా సూత్రం నేను పాటించాను.

“ఏంటండీ ఇంత మంచి అట్ట, ఎక్కడిది?” అని మా ఆవిడ అడిగింది.

“ప్రెస్సులో మిగిలినవి ఇచ్చారు,” అన్నాను. అప్పటికి మూడో అబద్ధం. నోరు అలవాటు పడిపోయింది.

నెల తిరక్కుండానే అన్నయ్యగారు ఒక రోజు నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నారు. “నీ ఆటలు ఎవరో ఒకరు ఆడి చూడాలంటావుగా. ఆదివారం మా ఇంటికి తెచ్చుకో. అమ్మాయి గదిలోంచి బయటికి రావట్లేదు. చిన్నప్పుడు లెక్కలన్నా ఆటలన్నా ప్రాణం పెట్టేది. నీ వంక పెట్టి ఒక గంట హాల్లో కూర్చోబెడదాం.”

అప్పుడైనా కొత్త కార్డులు చేసుకుని వెళ్ళాల్సింది. చెయ్యొచ్చు, రెండు సాయంత్రాల పని. కానీ రాసిన అంకెలు, దిద్దిన లెక్కలు అన్నీ వాటి మీదే ఉన్నాయి. పైగా మీద బ్రౌన్ పేపరుంది కదా, ఎవరికి కనిపిస్తుంది అనుకున్నాను. బద్ధకానికి నేను పెట్టిన పేరు నమ్మకం. ఆదివారం అవే కార్డులు ఒక స్వీటు డబ్బాలో పెట్టుకుని చుండూరు మీదుగా బాపట్ల వెళ్ళాను.

ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది. మొహం వాడిపోయి ఉంది. “బాగున్నారా బాబాయ్‌గారూ,” అని మాత్రం అడిగింది. తండ్రి, తల్లి, అమ్మాయి, మేడ మీద అద్దెకుండే లెక్చరరుగారు, నలుగురు ఆటగాళ్ళు. గేము తయారు చేసినవాడు పరీక్ష ఆటలో నోరు మెదపకూడదు. రూల్సు కాగితం ఇచ్చి పక్కన కూర్చోవాలి. వాళ్ళు తప్పుగా ఆడినా దిద్దకూడదు, ఎక్కడ తడబడుతున్నారో నోట్‌బుక్కులో రాసుకోవాలి. అలా కూర్చున్నాను. అమ్మాయి పట్టుబట్టి చివరి మడి దగ్గరే కూర్చుంది, మామూలుగానే ఓడిపోయింది. మళ్ళీ ఆడదాం అంది.

రెండో ఆదివారం, మూడో ఆదివారం కూడా వెళ్ళాను. చివరి మడివాడికి న్యాయం చెయ్యాలని మొదట్లోనే రెండు కార్డులు అదనంగా ఇచ్చే రూలు పెట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి ఒక ఆట ఆడి ఆ రెండు కార్డులూ నా ముందు పెట్టేసింది.

“ఇవి వద్దండి బాబాయ్‌గారూ. జాలిపడి ముందే చేతిలో పెడితే ఆడబుద్ధి కాదు. గెలిచినా ఇచ్చారు కాబట్టి గెలిచాననిపిస్తుంది.”

“మరి ఏం చెయ్యమంటావమ్మా?”

“వరస తిప్పండి. ఆటలో ఒక్కసారి చివరివాడు తనకి నచ్చినప్పుడు కాలవ తిప్పమని అడగొచ్చు. ఆ వరసకి కార్డులు కిందనించి పైకి వెళ్తాయి. ఎప్పుడు అడగాలన్నది అతని తెలివి.”

అలాగే ఆడి చూశారు. ఆట ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది. ఎనిమిది నెలలు నేను కుస్తీ పట్టిన ముడిని ఆ పిల్ల ఒక్క మాటలో విప్పేసింది. తను ఎప్పుడు తిప్పమంటుందోనని పై మడిలో కూర్చున్న తండ్రి బిక్కుబిక్కుమంటూ కార్డులు పట్టుకుంటే ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆయన మర్నాడు ఆఫీసులో నా చెయ్యి పట్టుకుని, “నవ్వింది చూశావా తమ్ముడూ,” అన్నారు. ఆ మాట ఆ రోజంతా నలుగురికి చెప్పారు. నేను ఫైలులో తలదూర్చి కూర్చున్నాను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఆట మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చేతులు చెమటలు పట్టి కార్డులు అంటుకుంటున్నాయి. మైదా జిగురు ఉక్కకి నిలవదని ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ అమ్మాయి ఎడమ చేతిలో నాలుగు కార్డులు విసనకర్రలా పట్టుకుని ఉంది. నేను తన ఎదురుగా నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాను కాబట్టి కార్డుల వీపులు నాకే కనిపిస్తున్నాయి. ఒక కార్డు బ్రౌన్ పేపరు సగం లేచి వేలాడుతోంది. దాని కింద బంగారు రంగులో చి.ల.సౌ. అని ఉంది. పక్కన ఆ అమ్మాయి పేరులో మొదటి రెండు అక్షరాలు.

అరిచి ఆట ఆపేద్దామా, కార్డులు లాక్కుందామా, ఏమీ తోచలేదు. పరీక్ష ఆటలో నోరు మెదపకూడదన్న నా సూత్రం ఒక్కటే గుర్తొచ్చింది. అలాగే మెదపకుండా కూర్చున్నాను. అది సూత్రం కాదు, పిరికితనం.

ఆ అమ్మాయి నా మొహం చూసింది. నా చూపు ఎక్కడుందో చూసింది. కార్డు తిప్పి చూసుకోలేదు. బొటనవేలితో వెనకవైపు ఒకసారి తడిమి, లేచిన కాగితాన్ని అదిమింది. అది నిలవలేదు. పక్కనే తండ్రి కళ్ళజోడు సవరించుకుంటున్నారు, ఆయన ఇటు తిరిగితే కనిపిస్తుంది. తన వంతు రాగానే ఆ అమ్మాయి ఆ కార్డు తీసి బోర్డు మీద వెల్లకిలా వేసేసింది. నాలుగో అంకె కార్డు. ఆటలో అంతకంటే విలువైనది లేదు. తన మడికి అప్పుడు కావలసింది ఒక్క వంతు నీళ్ళే. మిగిలిన మూడు వంతులూ సముద్రం పాలు.

“అదేంటమ్మా, అంత మంచి కార్డు సముద్రంలో పోశావు?” అని తండ్రి పెద్దగా నవ్వారు. “గెలిచే ఆట పోగొట్టుకున్నావు కదా.”

“చూసుకోలేదు నాన్నా,” అంది.

ఆట ఓడిపోయింది. కార్డులు సర్దే పని ఎవరికీ ఇవ్వకుండా తనే అన్నీ పోగుచేసి, దొంతర సరిచేసి, డబ్బాలో పెట్టింది. మూత వేసి లోపలికి తీసుకెళ్ళింది. కాసేపటికి నేను చెప్పులు వేసుకుని వీధి గుమ్మం దిగుతుంటే డబ్బా పట్టుకుని వెనకే వచ్చింది. తండ్రి లోపల మంచినీళ్ళు తాగుతున్నారు.

“ఊడినవి అంటించానండి బాబాయ్‌గారూ. ఇంట్లో గమ్ముంది. ఆరేదాకా కదపకండి,” అంది.

“ఎప్పుడు తెలిసిందమ్మా?” అన్నాను.

“రెండో ఆదివారం. ఆ అట్ట నేనే ఎంచుకున్నానండి. అమ్మా నేనూ తెనాలి వచ్చి నాలుగు షాపులు తిరిగి, ఇదైతే చేతికి బాగుందని ఇది తీసుకున్నాం. పైగా మూలల్లో పసుపు.” నా వంక చూడకుండా గేటు గొళ్ళెం వంక చూస్తూ చెబుతోంది. “ఆ రోజు మీరు వెళ్ళాక బాగా కోపం వచ్చింది. నాన్నతో చెప్పేద్దామనుకున్నాను. ఆయన అప్పటికే, వచ్చే ఆదివారం పకోడీలు చేయించాలి మా తమ్ముడికి అంటున్నారు.”

“తప్పు చేశానమ్మా.”

“దేవుడి బొమ్మున్న అట్టలు ఏం చేశారు?”

“అవి కృష్ణలో వదిలానమ్మా. కవర్లు కూడా.”

“ఓహో,” అంది. “అంటే, పేరున్నవి విడిగా తీసి ఉంచుకున్నారన్నమాట. కూర్చుని.”

ఆ ‘కూర్చుని’ అన్న మాట దగ్గర నేను తలెత్తలేకపోయాను. సంచీ మర్చిపోయాననో, తొందరలో పొరపాటు జరిగిందనో చెప్పుకునే దారి కూడా ఆ ఒక్క మాటతో మూసుకుపోయింది. రేవులో మెట్టు మీద కూర్చుని నేను చేసిన పనంతా ఆ పిల్ల చూసినట్టే అయింది.

“నాన్నకి చెప్పకండి,” అంది చివరికి. “మీకు బరువు దించుకోవాలనిపిస్తుంది. నాకు తెలుసు. అయినా చెప్పకండి. ఆ అట్టలు సముద్రంలో కలిసిపోయాయని ఆయన అమ్మకి రోజుకోసారి చెబుతున్నారు. అదొక్కటే ఆయనకి ధైర్యం. ఇవి తీసుకెళ్ళి వదిలెయ్యండి. ఆదివారం మామూలుగా రండి.”

లోపలినించి ఆయన కేకేశారు. “ఏంటమ్మా, ఇంకా మాట్లాడుతున్నారా?”

“రూల్సు గురించి నాన్నా,” అంది.

మర్నాటికి సెలవు పెట్టాను. ఆ రాత్రి ఇంటికెళ్ళి బీరువాలో మిగిలిన అట్టలన్నీ తీశాను. మా ఆవిడకి అప్పుడు నిజం చెప్పాను. తను నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. పొద్దున్నే రేపల్లె బండికి క్యారేజీ కట్టి ఇచ్చి, “మా అమ్మవాళ్ళింటికి వెళ్ళకండి, మీ మొహం చూస్తే అడుగుతారు,” అంది.

అదే రేవు, అదే మెట్టు. కార్డులు అలాగే వదిలేస్తే రెండు పొరల మందంతో నానకుండా తేలి ఏ ఒడ్డుకో చేరతాయని, ఒక్కోదానికీ ముందు కాగితం ఒలిచాను. ఒలిచిన ప్రతిదాని మీదా ఏదో ఒక ముక్క. ముహూర్తం టైము, కల్యాణమండపం పేరు, తండ్రి పేరు సగం, బంధుమిత్రుల అభినందనలతో అన్న మాటలో కొంత. ఆ అమ్మాయి అంటించినవి మాత్రం ఒలవడం కష్టమైంది. గమ్ము బాగా పట్టింది, అంచుల వెంట ఎక్కడా చిన్న బుడగ కూడా లేదు. నేను అంటించిన వాటికంటే నీటుగా ఉన్నాయి. వాటిని గోటితో గీకుతుంటే నాకు ఏడుపొచ్చింది. గేదెల ఆయన ఆ రోజు లేడు. ఉంటే ఏం చెప్పేవాణ్ణో తెలియదు.

అన్నీ వదిలాక అవి వెంటనే మునగలేదు. చాలాసేపు తేలాయి. నానేదాకా అక్కడే కూర్చున్నాను. ఎనిమిది నెలల లెక్కలు వాటితోనే పోయాయి. పోవడమే న్యాయం.

ఆదివారం మామూలుగా వెళ్ళాను. గుర్తున్న అంకెలతో మళ్ళీ రాసిన కొత్త కార్డులు, షాపులో కొన్న తెల్లటి అట్ట, రెండువైపులా ఖాళీగా ఉన్నది. వీపులకి మళ్ళీ అదే బ్రౌన్ పేపరు అంటించాను కాబట్టి ఆయనకి తేడా తెలియలేదు. ఆఫీసులో వంకాయకూర నా మూతలో పడుతూనే ఉంది. ఆయన రిటైరయ్యేదాకా తిన్నాను. చెప్పేస్తే నా బరువు దిగి ఆయన నెత్తిన పడుతుందని తెలుసు కాబట్టి మింగాను. అమ్మాయి ఆ జూన్‌లో మళ్ళీ స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇది రాయనా అని తననే అడిగాను. పేర్లు లేకుండా రాసుకోండి, నాన్న పేపరు తప్ప ఏమీ చదవరు అంది.

కిందటేడు ఆ గేము నిజంగానే అచ్చయింది. విజయవాడలో చిన్న కంపెనీ ఒకటి వేసింది. రూల్సు పుస్తకం చివరి పేజీలో ఆడి చూసినవాళ్ళ పేర్లు వేస్తారు. వరస తిప్పే రూలు తనదే, ఆ రూలు లేకపోతే గేమే లేదు. కాబట్టి తన పేరు అందరికంటే పైన, విడిగా వేయించాలని అడగడానికి బాపట్ల వెళ్ళాను. అన్నయ్యగారు పొంగిపోయారు.

“వెయ్యి తమ్ముడూ, పెద్దక్షరాలతో వెయ్యి. మా అమ్మాయి పేరు అచ్చులో చూసుకోవాలి నేను.”

ఆ అమ్మాయి కాఫీ గ్లాసు నా ముందు పెట్టింది.

“నా పేరు అచ్చు వెయ్యొద్దండి బాబాయ్‌గారూ,” అంది. “ఒకసారి అచ్చయింది కదా, చాలు.”

ఆయన పెళ్ళి మాట గుర్తుచేసుకుందనుకుని తల వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను. వేరే కారణంతో.

అచ్చయిన గేము మొదటి పెట్టె వాళ్ళింట్లోనే విప్పాం. నిగనిగలాడే కార్డులు, నీలం రంగు వీపులు, అన్నీ ఒక్కలాగే. ఆట మొదలుపెట్టే ముందు చూడమని తలా కొన్ని చేతికిచ్చాను. తండ్రి, తల్లి తమ కార్డులు తీసుకుని అంకెలు చూసుకున్నారు. ఆ అమ్మాయి ఒక్కో కార్డూ చేతిలోకి తీసుకుని, అంకె చూడకముందే వెనక్కి తిప్పి, వేలితో ఒకసారి తడిమి చూసింది. అన్నీ అలా చూశాకే ఆట మొదలుపెట్టింది. ఇప్పటికీ నా చేతి మీదుగా ఏ కార్డు అందినా అలాగే చూస్తుంది.